వేళ్ళ మేస్త్రి

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది, కానీ పాత ఇనుము వీధిలో దాంతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆయన వేళ్ళ మేస్త్రి. ఆరేళ్ళ క్రితం నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఇంకో మెకానిక్కయితే మూలన కూర్చునేవాడు. ఈయన షెడ్డు ముందు బల్ల వేసుకుని, జనం తెచ్చిన పాత సామాను తడిమి, ఇది ఫలానా కారు ఆయిల్ పంపు, ఇది ఫలానా లారీ వాల్వు అని చెప్పేవాడు. నలభై ఏళ్ళు ఇంజిన్లలో చేతులు పెట్టినవాడు మరి. కళ్ళున్నవాళ్ళు కేటలాగులు తిరగేసి తప్పు చెబితే, ఈయన పక్కవాడితో కబుర్లాడుతూనే ఒప్పు చెప్పేవాడు. ఆ గొప్ప సంగతి ఆయనకి బాగా తెలుసు, తెలియనట్టు ఉండటమే ఎన్నడూ చేతకాలేదు.

ఏడాదిగా ఆ వేళ్ళకి స్పర్శ పోతోంది. చక్కెర జబ్బు. మొదట చిటికెన వేలు, తర్వాత వరసగా అన్నీ. ఓ పొద్దున్న పొయ్యి మీది గిన్నెని వట్టి చేత్తో దించి, తీరిగ్గా గట్టు మీద పెట్టాడు. చూసిన భార్య పరిగెత్తుకొచ్చి ఆ చేతి మీద చన్నీళ్ళు పోసింది.

"ఇంక ఆ బల్ల తీసేయండి," అంది బొబ్బలకి మందు రాస్తూ. "వేళ్ళు పనిచెయ్యట్లేదని నలుగురికీ చెప్పేస్తే పోయేదేముంది?"

"పోయేదేముందా? నేనే పోతాను."

ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆయన బరువుని బట్టీ, బల్ల మీద తడితే వచ్చే మోతని బట్టీ నెట్టుకొస్తున్నాడు. పెద్ద సామానుకి అంతమాత్రం చాలు. చిన్న గుర్తులు చదవాల్సొస్తేనే చిక్కు. అప్పుడు గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ఏదో ఒకటి చెప్పేసేవాడు. ఇంతవరకూ దొరికిపోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే డ్రాయింగ్ టీచరమ్మ ఆటో నిండా డబ్బాలతో దిగింది.

"మా నాన్నగారు ఒక డాక్టరుగారి దగ్గర ముప్ఫై ఏళ్ళు కారు నడిపారండి. డాక్టరుగారు పోతూ ఆ కారు నాన్నగారికే ఇచ్చేశారు. బాగుచేద్దామని ఇంజినంతా ఊడదీసి డబ్బాల్లో వేశారు. ఏది ఎక్కడిదో అంతా ఆయన బుర్రలోనే ఉండేది, ఒక్క చీటీ రాసుకోలేదు. దొరకని సామాను కోసం తిరుగుతూనే పదేళ్ళు గడిచాయి. పోయినేడు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. ఎవరికి చూపించినా ఈ కారు మేమెరగం అంటున్నారు. ఎక్కువ రోజులు లేవన్నారు డాక్టర్లు. ఆ ఇంజిను మోత ఒక్కసారి ఆయనకి వినిపించాలండి."

మూడు మధ్యాహ్నాలు కూర్చున్నారు. మేస్త్రి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చెబుతుంటే, టీచరమ్మ చీటీ రాసి దారంతో కట్టేది. వాల్వులు, పుష్‌రాడ్లు, ఆయిల్ పంపు పళ్ళచక్రాలు. ఒక్కటీ తప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆయనకి తన మీద తనకి ముద్దొచ్చింది.

మూడో రోజు చివరి డబ్బాలోంచి కనెక్టింగ్ రాడ్లు వచ్చాయి. పిస్టన్లని కింద తిరిగే క్రాంకుకి కలిపేవి అవే. రాడ్లు నాలుగు, వాటి అడుగున బిగించే క్యాపులు నాలుగు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఒకదాని క్యాపు ఇంకోదానికి పట్టదా అంటే పడుతుంది, అదే దాని మోసం. రాడ్డూ క్యాపూ కలిపి బిగించి ఒకేసారి గుండ్రంగా కోస్తారు కాబట్టి ఏ జత ఆ జతే. మారిస్తే ఇంజిను నడుస్తుంది, కాసేపే. జత తెలియడానికి రెండిటి మీదా పంచి అనే మొనదేలిన ఉలితో చుక్కలు కొడతారు. ఒకటోదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా.

"నాకు అన్నీ తుప్పు గుంటల్లాగే కనిపిస్తున్నాయండి," అంది టీచరమ్మ.

"కంటికి అంతేనమ్మా. పంచి దెబ్బకి అంచు లేస్తుంది, తుప్పుకి లేవదు. అది బొటనవేలికే తెలుస్తుంది."

చెప్పింది అక్షరాలా నిజం. ఆయన బొటనవేలికి మాత్రం ఏమీ తెలియలేదు. ఇటు తిప్పి రుద్దాడు, అటు తిప్పి రుద్దాడు. వీధి చివర లేత్ షాపుంది. అక్కడ గేజీ పెట్టి కొలిస్తే గంటలో ఏ జత ఏదో తేలిపోతుంది. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. కానీ ఆ లేతాయన ఒకసారి పదిమందిలో, "ఎప్పటికైనా నా గేజీ దగ్గరికే రావాలి మేస్త్రీ, వేళ్ళు ముసలివవుతాయి," అని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

"ఇది రెండు," అన్నాడు మేస్త్రి. "ఇది మూడు."

అలా నాలుగు జతలకీ ఊహించే చీటీలు కట్టించాడు. సిగ్గుమాలిన పని. ఆయనకీ తెలుసు, ఆ పూట అన్నం సయించలేదు. రేపు కబురు చేద్దామనుకున్నాడు. మర్నాడు కూడా రేపనే అనుకున్నాడు. అలా మూడు వారాలు గడిచాక, ఇంజిను బిగిస్తున్న ఫిట్టరే వెతుక్కుంటూ వచ్చాడు.

"మేస్త్రిగారూ, క్రాంకు కాస్త బిగువుగా తిరుగుతోందండి. చీటీల్లో ఎక్కడైనా..."

"నా చీటీలనే అనుమానిస్తున్నావా? కొత్త బేరింగులు కదయ్యా. నడిస్తే అవే సర్దుకుంటాయి."

ఫిట్టరు తప్పయిపోయిందన్నట్టు గొణిగి వెళ్ళిపోయాడు. అవకాశం గుమ్మం దాకా వచ్చి తలుపు తడితే, ఈయన గడియ పెట్టుకున్నాడు.

ఇంజిను స్టార్ట్ చేసే రోజున టీచరమ్మ స్వయంగా వచ్చి మేస్త్రిని వాళ్ళింటికి తీసుకెళ్ళింది. కారు షెడ్డు వైపు కిటికీ పక్కన తండ్రి మంచం వేయించింది. ఆయన బాగున్న ఎడమ చేతి పక్కనే మేస్త్రికి కుర్చీ వేసింది. "నాన్నగారూ, మన డబ్బాల్లోని సామానంతా పోల్చింది ఈయనే," అని పరిచయం చేసింది.

ఇంజిను రెండోసారికే అందుకుంది. మంచం మీంచి నవ్వో ఏడుపో తెలియని శబ్దం వచ్చింది. టీచరమ్మ ఏడ్చేసింది. షెడ్డులోంచి ఫిట్టరు ఈల వేశాడు. మేస్త్రికి కూడా ఒక్క నిమిషం పాటు గండం గడిచిందనిపించింది.

తర్వాత ఆ మోత అడుగున సన్నగా టకటకలు మొదలయ్యాయి. మిగతావాళ్ళెవరూ గమనించినట్టు లేదు. ఆయనకి వినపడ్డాయి. ఆపమనాలి. ఆపమంటే ఎందుకో చెప్పాలి. బేరింగులు సర్దుకుంటున్నాయేమో, ఇంకొక్క నిమిషం చూద్దాం అనుకున్నాడు. ఆ నిమిషం పూర్తి కాలేదు. ఫెళ్ళుమని రాడ్డు విరిగి, ఇంజిను ఇనపగోడని బద్దలుకొట్టుకుని బయటికొచ్చింది. నూనె నేల మీద ధారగా పడుతున్న చప్పుడు మిగిలింది. అలాంటి ఇంజిను మరొకటి దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు ఫిట్టరు. "బిగువుగా ఉందని తెలిసి కూడా నడిపాను."

"అంత పెద్దాయన ఒక్కొక్కటీ పట్టి చూసి చీటీ కట్టిస్తే కూడానా?" అంది టీచరమ్మ కోపంగా.

"అతన్నేమీ అనకమ్మా," అన్నాడు మేస్త్రి. "చీటీలే తప్పు. నా వేళ్ళకి ఏడాదిగా స్పర్శ లేదు. ఆ రాడ్ల జతలు ఊహించి చెప్పాను."

"ఊరుకోండి మేస్త్రిగారూ," అన్నాడు ఫిట్టరు. "నన్ను కాయడానికి మీరు మాట పడతారా? మీ మంచితనం నాకు తెలియదా?"

"నిజమయ్యా."

ఫిట్టరు నమ్మలేదు. ఇంకా పొగుడుతూనే ఉన్నాడు. మేస్త్రికి ఆ పొగడ్త ఒళ్ళంతా కాల్చినట్టుంది.

టీచరమ్మ మంచం దగ్గరికి వచ్చి, మేస్త్రి చేతికేసి చూసింది.

"నేను నమ్ముతున్నానండి," అంది. "మీ చేతి నుంచి రక్తం కారుతోంది. మా నాన్నగారు మీ వేళ్ళు పట్టుకుని గోళ్ళు దించేస్తున్నారు."

మేస్త్రి రెండో చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ చెయ్యీ ఏమీ చెప్పలేదు.

"ఎప్పటినుంచమ్మా?"

"ఇంజిను ఇంకా నడుస్తున్నప్పుడే చూశాను, షెడ్డు వైపు తల ఆడిస్తూ మీ వేళ్ళు నొక్కేస్తున్నారు," అంది ఆమె. "సంతోషం పట్టలేక పట్టుకున్నారనుకున్నాను."