ముంచి దాచుకోవలసిన పడవ

ఆ రోజుల్లో, అంటే పందొమ్మిది వందల ముప్పైల నడుమ, ఏలూరులో ఒక ఆఫీసు గుమాస్తాకి సొంత సైకిలు ఉంటేనే గొప్ప. నేను సైకిలు మానేసి పడవ కొన్నాను. ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి ఏ పనైనా పద్ధతిగా చేస్తే చాలు, తెలియకపోయినా ఫరవాలేదనుకుంటాడు. నేను మరీ అనుకునేవాణ్ణి. పడవ కొనడానికి కారణం మా మామగారు. వారి ఊరు కొల్లేటి మధ్య ఒక లంక. మనం వీధిలోకి వెళ్ళినట్టు వాళ్ళు పడవ ఎక్కుతారు. పెళ్ళినాడు అక్కడి రేవులో దిగుతూ నేను ఇద్దరి భుజాలు పట్టుకుని మూడో ఆయన కాలు తొక్కాను. "మా అల్లుడుగారు మెట్టమనిషి లెండి, నెమ్మదిగా దింపండి" అన్నారు మామగారు. రేవంతా నవ్వింది. (పెళ్ళికూతురు కూడా నవ్విందని నా డైరీలో ఉంది. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.) మా ఆవిడని నా పడవలో, నా చేతి గెడతో తోసుకుంటూ, ఆయన కళ్ళెదుటే ఆ రేవులో దింపాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

పడవ చిన్నదే, ఇద్దరు కూర్చోవచ్చు. కొల్లేటి ఒడ్డున పడవలు బాగుచేసే ముసలి సాయిబుగారి రేవులో కట్టి, "కాస్త చూస్తూండండి" అని చెప్పి వచ్చాను. మరుసటి ఆదివారం జట్కా దిగి చూద్దును కదా, పడవ నీళ్ళలో మునిగి ఉంది! పైకి ముక్కు ఒక్కటే కనబడుతోంది. లోపల రాళ్ళు కూడా పెట్టారు. సాయిబుగారిని అడుగుదామంటే ఆదివారాలు ఆయన ముదినేపల్లిలో కూతురింటికి వెళతారట. రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, గుడ్డతో తుడిచి, గట్టు మీదికి లాగి పెట్టి వచ్చాను. ఆ పై ఆదివారం మళ్ళీ మునిగే ఉంది. ఆ పై ఆదివారమూ అంతే. నేనంటే గిట్టనివాళ్ళ పేర్లు డైరీలో వరసగా రాసుకున్నాను. ఆఫీసులో నా పక్క బల్ల ఆయన పేరు కింద రెండు గీతలు గీశాను. (పాపం, ఆయనకి నీళ్ళంటే భయం.)

నాలుగో వారం పడవని ఎడ్లబండి మీద ఇంటికి తెప్పించి పెరట్లో బోర్లించాను. శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరాయి. పది రోజులు శుభ్రంగా ఎండబెట్టాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి, "ఏవండీ, పడవని అలా ఎండలో..." అనబోయింది. "ఇదంతా ఒక పద్ధతండీ అమ్మాయిగారూ, నీకు తెలీదు" అన్నాను. రెండుసార్లు ఆవిడ దాని మీద బిందెలతో నీళ్ళు పోస్తూ దొరికింది. "తడిస్తే చెక్క పుచ్చిపోదూ?" అని కేకలేసి మళ్ళీ తుడిచాను. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు సెలవు పెట్టి, పడవని మళ్ళీ బండి మీద కొల్లేటికి చేర్చి బయలుదేరాం. ఆవిడ ఒళ్ళో సున్నుండల డబ్బా, నా భుజం మీద మామగారు పెట్టిన జరీ ఉత్తరీయం. ఒడ్డు దాటి మనిషెత్తు కిక్కిస గడ్డి మధ్యకి వచ్చేసరికి చీలమండలు చల్లబడ్డాయి. మొదట గాలి అనుకున్నాను. చూస్తే అతుకు అతుకునా నీళ్ళు ఊరుతున్నాయి.

"వాడకం లేనప్పుడు పడవని ముంచే ఉంచుతారండీ. చెక్క ఉబ్బి అతుకులు మూసుకుంటాయి. పాపం, సాయిబుగారు వారం వారం ముంచి ఉంటారు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పనిచ్చారా?" అంటూనే ఆవిడ నా ఉత్తరీయం లాగి నిలువునా చింపేసింది. పేలికలు చేసి అతుకుల్లో కుక్కింది. సున్నుండలు చెంగులో మూటగట్టి డబ్బా నా చేతిలో పెట్టింది. "తోడండి. ఆపకండి. గెడ ఇలా ఇవ్వండి." ఆ తర్వాత పడవ కదిలిన వేగం నేను అంతకుముందు ఎరగను. గూడబాతులు పక్కకి తప్పుకున్నాయి. నేను తోడుతూనే ఉన్నాను.

లంక రేవు మలుపులో ఉందనగా ఆవిడ గెడ నాకిచ్చి, డబ్బా తీసుకుని, ముసుగు సర్దుకుని కూర్చుంది. "గెడ వంక చూడకండి, రేవు వంక చూడండి. మిగతాది గాలి చూసుకుంటుంది." నిజంగానే గాలే చూసుకుంది. పడవ వంకరగా వెళ్ళి రేవుని తాకింది.

"చూశారా, మా అల్లుడుగారు స్వయంగా నడుపుకొచ్చారు!" అన్నారు మామగారు, రేవులో వాళ్ళందరికీ వినబడేలా. ఆడవాళ్ళు మా ఆవిడని లోపలికి తీసుకెళ్ళారు. అప్పుడు ఆయన నా చేతిలోంచి గెడ అందుకుంటూ మెల్లగా, "మేడ మీంచి చూస్తున్నానండీ. గడ్డి పైన గెడ కొసే కనబడింది. అమ్మాయి గెడ వేసే తీరు నాకు తెలీదా? నేర్పింది నేనేగా" అన్నారు. "రండి, ముంచుదాం" అన్నారు.

పంచెలు ఎగగట్టి ఇద్దరం మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి నా పడవలో రాళ్ళు పేర్చాం. "ఇంకా తొక్కండి, ఇంకా" అంటూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. పడవ నానడానికి ఆరు రోజులు పట్టింది, నా సెలవు రెండే. ఆఫీసుకి రాసిన అర్జీలో ఏ జబ్బు చెప్పానో ఇప్పుడు గుర్తులేదు గాని, అంత శ్రద్ధగా తుడిచి, అంత పద్ధతిగా పాడుచేసిన ఆ కుర్రవాడు మాత్రం బాగా గుర్తున్నాడు. ఎదురుపడితే కోప్పడలేను. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతోంది నాయనా, విను, అంటాను. వినడు లెండి.