తల మీద గట్లు లేని కప్ప

తొలకరి చినుకులకు పెరట్లో కప్ప ఒకటి బెకబెక మొదలుపెట్టింది. మోకాళ్లు వద్దంటున్నా టార్చి పట్టుకుని లేచాను. ఈ వయసులో కప్ప నెత్తి చూడకపోతే ఏం కొంపలు మునుగుతాయని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆమె నరసింహులు సార్‌ను చూడలేదు.

నిజాం రోజుల్లో నేను గద్వాల బడిలో కొత్తగా పంతులుగా చేరినప్పుడు ఆయన మా పెద్దసారు. ఊళ్లో అందరికీ ‘కప్పల సారు’. మామూలు గోదురు కప్పకు కళ్ల పైన నల్లటి గట్లుంటాయి. ఎడారి కప్పకు అవి లేక తల నున్నగా ఉంటుంది. అది ఇసుక దేశాలు దాటి మన వైపు రాదని ఆయన దగ్గరున్న పుస్తకం చెప్పేది. సార్ మాత్రం చిన్నప్పుడు తన ఊరు ఇటిక్యాలలో దాన్ని చూశాననేవారు. “చూసినోని మాట ఎవడు నమ్ముతడయ్యా? కప్పను సూపియ్యాలె” అంటూ సెలవు వస్తే చాలు, నన్ను వెంటేసుకుని ఆ ఊరి మెట్ట చెలకల్లో ఇసుక తవ్వించేవారు. నడుములు పడిపోయేవి. ఒక్కోసారి ఆయన మీద ఒళ్లు మండేది కూడా.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు, మూరెడు లోతున అది దొరికింది. నున్నటి తలను సార్ వేలితో రెండుసార్లు తడిమి చూశారు. స్పిరిటు సీసాలో పెట్టి పట్నం పండితులకు పంపితే, పుస్తకంలో ఆ కప్ప ఉండే చోట్ల జాబితాలో ఇటిక్యాల పేరు ఎక్కుతుంది. స్పిరిటు వచ్చేదాకా దాన్ని తడి ఇసుక పోసిన కుండలో ఉంచాం.

ఆ వారంలోనే ఇటిక్యాల ఆడవాళ్లు బడికి వచ్చారు. వాన కోసం కప్పతల్లి ఆడాలంటే రోకలికి బతికున్న కప్పను కట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయించాలి.

“బాయిలన్నీ ఎండినయి సారూ. ఎంత ఎతికినా ఒక్క కప్ప దొర్కలే. మీ కాడున్నదంట గద” అంది వాళ్లలో పెద్దామె.

నేను అడ్డం పడ్డాను. “ఇన్నేండ్లకు దొర్కింది సార్. ఇయ్యకుండ్రి.”

సార్ లోపలికెళ్లి కుండ తెచ్చారు. “వాన పడ్తే మళ్ల దొర్కుతదిలే. పడకుంటే ఊరి పేరు పుస్తకంల ఎక్కి ఏం ఫాయిదా?” అని కుండ ఆమె చేతికిచ్చారు. “పానం పోనియ్యకుండ్రి తల్లీ. దొరికిన చెలకల్నే ఇడువుండ్రి.”

వాళ్లు మాట తప్పలేదు. వాన మాత్రం ఆ ఏడు రాలేదు. తర్వాతి ఏళ్లలో వానలు పడ్డాయి, కప్పలూ లేచాయి. అన్నిటికీ గట్లే. చేతికొచ్చింది నోటికందలేదని నేను వాపోతే సార్ అలసటగా నవ్వేవారు. “ఉన్నదని మనకు తెల్సు గద.” నాకది ఎప్పుడూ చాలలేదు. ఆయన పోయాక, అది ఎడారి కప్పేనని తెలిసి చూసినవాళ్లలో నేనొక్కడినే మిగిలాను.

పెరటి కప్ప టార్చి వెలుగులో కదలకుండా కూర్చుంది. వంగి చూశాను. కళ్ల పైన నల్లటి గట్లు.

“ఉన్నదా?” అంది మా ఆవిడ లోపలి నుంచి.

“ఈడ లేదు. ఇటిక్యాలల ఉన్నది” అన్నాను.