బొంతకోటు గెరోల్ఫ్

గెరోల్ఫ్ బొంతకోటు విప్పగా చూసినవాళ్ళు ఆ ఫ్లాండర్స్ ఊళ్ళో ఎవరూ లేరు. ఉన్నీ పాతగుడ్డలూ కూరి దట్టంగా కుట్టిన అలాంటి కోటు కోటగోడ మీద కాపలా కాసేవాళ్ళందరికీ ఉండేది. కాపలా దిగగానే అందరూ విప్పి కొక్కేనికి తగిలించేవాళ్ళు. గెరోల్ఫ్ మాత్రం దాంతోనే తినేవాడు, దాంతోనే పడుకునేవాడు. మేనకోడలి పెళ్ళిలో దాంతోనే గంతులేసి, పెళ్ళికొడుకుని గోడకి నొక్కేశాడు.

"ఎండల్లో కూడా ఏంటి బాబాయ్ ఇది?" అని పక్కింటి ఆలైడ్ అడిగితే, "బాణం కబురుపెట్టి వస్తుందా?" అనేవాడు.

"దేవుడి ముందు కూడానా?" అని చర్చిలో ఫాదర్ గదమాయిస్తే, "దేవుణ్ణి నమ్ముతాను స్వామీ, మీ కిటికీల్నే నమ్మను" అన్నాడు.

ఆ ఏడు పంట ఇళ్ళకి చేరకముందే శత్రుసేన ఊరిని చుట్టుముట్టింది. చలి ముదిరేసరికి గాదెలు అడుగంటాయి. రోజుకి మనిషికి అరచేతంత రొట్టె, అందులోనూ సగం ఊకే. మొగుడు పోయిన ఆలైడ్ తన ముక్క కూడా పిల్లలకి పెట్టి ఎండిపోయింది. ఊరంతా చిక్కిపోతోంది.

గెరోల్ఫ్ ఒక్కడే లావెక్కుతున్నాడు!

పైగా పొద్దున్నే తన ముక్క వాసన చూసి, "థూ! ఇది రొట్టా, గుర్రం తొక్కిన మట్టా? నీ పిల్లలకి పెట్టుకో" అని ఆలైడ్ ఒళ్ళో పడేసి పోయేవాడు. ఆవిడ తీసుకునేది. కానీ లోపల కుతకుతలాడేది. ఎక్కడో తిండి దాచుకోకపోతే ఇంత పొగరెలా వస్తుంది?

ఆలైడ్ చిన్నకూతురు మంచం మీంచి లేవలేకపోయిన రోజున ఆవిడ ఓర్పు తెగిపోయింది. కసాయి రాంబౌట్‌నీ ఇంకొందరినీ వెంటేసుకుని గోడ దగ్గర గెరోల్ఫ్‌ని చుట్టుముట్టింది.

"విప్పు!" అన్నాడు రాంబౌట్, కత్తి తీసి.

"విప్పను. బాణం కబురు..."

"బాణం సంగతి తర్వాత! లోపల మాంసం దాచావా, జున్ను దాచావా?"

గెరోల్ఫ్ మొహం పాలిపోయింది. "ఆలైడ్, నువ్వైనా చెప్పవే వీళ్ళకి!"

"నా బిడ్డ లేవలేకపోతోంది బాబాయ్." ఆవిడ రాంబౌట్ చేతిలో కత్తి లాక్కుని, మెడ నుంచి నడుం దాకా కోటు కుట్టు సర్రున కోసేసింది.

ఉన్ని బయటపడింది. తర్వాత మేజోళ్ళు, గోనెముక్కలు, గడ్డి, ఒక తలగడ. జనం తవ్వుతూనే ఉన్నారు. చిట్టచివరికి గెరోల్ఫ్ దొరికాడు, చీపురుకట్టకి చొక్కా తొడిగినట్టు.



"ఇదంతా ఎందుకు కూరావు?" అంది ఆలైడ్.

"కోటు వదులైపోతుంటే ఏం చెయ్యను?"

"మరి నీ రొట్టె..."

"అది మనుషులు తినేదా?" అని ఎటో చూస్తూ గొణిగాడు. "ముందు మూయండర్రా, చలి!"

రాంబౌట్ తలొంచుకుని ఇంటికెళ్ళి, తన పరుపులో దాచిన ఎండుమాంసం తెచ్చి ఆలైడ్ చేతిలో పెట్టాడు.

"చూశారా! కోయాల్సింది పరుపుల్ని!" అని గెరోల్ఫ్ ఎగిరిపడ్డాడు.

ఆ మాంసం రసంతో చిన్నది లేచి కూర్చుంది. గోడ కింద అందరూ చేరి కోటు కుట్టారు. రాంబౌట్ కోటు చేతిని దాని నడుముకి కలిపి కుట్టేస్తే, మళ్ళీ విప్పి కుట్టారు.

జ్వరాలు తగిలి శత్రువులు డేరాలు పీకేసేదాకా, రోజూ పొద్దున్నే ఆలైడ్ గరిటె పట్టుకుని గెరోల్ఫ్ ఎదురుగా కూర్చునేది. అతను తన రొట్టెముక్క నమలడం ఆపితే వీపు మీద ఒక్కటేసేది. అంత బొంత మీద గరిటె దెబ్బ ఏం తగుల్తుంది! అయినా "చంపేస్తోందిరోయ్!" అని వీధంతా వినపడేలా అరుస్తూ నమిలేవాడు.