నెల్సన్ మావయ్య గిటారు సోలో

గణపవరం చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మా నెల్సన్ మావయ్యకి రాక్ బ్యాండ్ల మీద గట్టి అభిప్రాయాలుండేవి. ఇంట్లో అవి వినేదాన్ని నేనొక్కదాన్నే. ఏలూరులో ఎం.ఎ. చదివే రోజుల్లో సెలవులకి వెళ్తే, ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవికిచ్చి, రెండోది తన చెవిలో పెట్టుకునేవాడు. ఒక్క పాట కూడా దాటనిచ్చేవాడు కాదు. మూడో పాటలో కోపం వినకపోతే నాలుగో పాటలో నెమ్మది అర్థం కాదనేవాడు. పేరున్న బ్యాండ్లు ముసలితనంలో మళ్లీ కలిసి చేసే ఆల్బమ్‌లంటే ఆయనకి మంట. "అవి పాటలు కావే, పెన్షను," అనేవాడు. పాడేవాడి దగ్గర మాటలు అయిపోయిన చోట గిటారు సోలో మొదలవ్వాలట. అంతకుముందు మొదలైతే అది గొప్పలు పోవడమేనట.

ఆయన వాయించేది మాత్రం చర్చిలో. కిందటేడు సంఘం తరఫున ఆల్బమ్ చేశారు. అందులో ఒక పాట బాణీ మావయ్యదే, తాతయ్య చనిపోయిన ఏడాది కట్టాడు. మధ్యలో రెండు నిమిషాల సోలో. అది తాతయ్య చివరి రోజుల ఆయాసమని నాకొక్కదానికే చెప్పాడు. జీవితంలో ఒక్కసారి ఒక ఆల్బమ్‌లో తన వాయింపు ఉంటే చాలన్నాడు. ఏలూరు స్టూడియోలో రికార్డు చేసి వచ్చిన పూట సంతోషంతో అన్నం కూడా సరిగా తినలేదు.

విడుదల చర్చిలోనే జరిగింది. మా వైపు ఇలాంటప్పుడు స్పీకర్లలో పాట వేసి, బ్యాండువాళ్లని వాయిస్తున్నట్టు నిలబెడతారు. గిటారుకి వైరు కూడా ఉండదు. బ్యాండులో డ్రమ్ములు వాయించే మనోజ్ పుల్లలు వాటికి తగలకుండా కొడుతున్నాడు. రెండో చరణం అయింది. మావయ్య కళ్లు మూసుకుని తీగలు అందుకున్నాడు. స్పీకర్లలోంచి ఫ్లూట్ వచ్చింది.

ఆయన వేళ్లు ఆగాయి. వీడియో తీసే అతను ఆపొద్దని సైగ చేశాడు. మావయ్య మళ్లీ మొదలుపెట్టాడు. ఫ్లూట్‌ని కాదు, తన సోలోనే, ఎవరికీ వినపడకుండా చివరిదాకా వాయించాడు.

దిగాక పాస్టరుగారు మెల్లగానే చెప్పారు. "పెద్దవాళ్లకి ఆ రొద పడదని స్టూడియోవాళ్లే మార్చారు నెల్సన్. పాట పదిమందికీ వెళ్లాలి కదా."

"నేను వాయించింది స్టూడియోలోనైనా ఉందాండీ?"

"అడిగానయ్యా. చెరిపేశారంట."

"సరేనండీ," అన్నాడు మావయ్య.

అమ్మమ్మ మణెమ్మ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "ఎంత బాగా వాయించావురా నాన్నా. మీ నాన్నగారుంటే వినేవోరు." ఆమెకి ఏది గిటారో ఏది ఫ్లూటో తెలియదు. మావయ్య చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పాట నిజంగానే పదిమందికీ వెళ్లింది. తాడేపల్లిగూడెంలో సభకి పిలిచారు. అక్కడ నిజంగానే వాయించాలి, ఫ్లూట్ వాయించేవాళ్లేమో లేరు. ఆ ముక్క గిటారు మీద వాయించమని పాస్టరుగారు ఫోన్ చేశారు. "ఆల్బమ్‌లో ఉన్నట్టే నెల్సన్. జనం దానికి అలవాటు పడిపోయారు."

"నీదే వాయించెయ్ మావయ్యా," అన్నాను.

"తప్పు వాయించాననుకుంటారే."

ఫోన్‌లో ఆ ముక్క వెనక్కి జరుపుకుంటూ, మళ్లీ వింటూ, ఫ్లూట్ పలికినట్టే తీగల మీద పట్టుకున్నాడు. సభలో ఒక్క స్వరం తప్పలేదు.