వాడి కదలిక వాడిదయ్యేదాకా

మొన్న మా మిరప కల్లంలో తాలుకాయలు ఏరడానికి వచ్చిన కూలీల్లో ఒకావిడ తన చంటిపిల్లను ట్రాక్టరు ట్రక్కుకు చీర ఉయ్యాల కట్టి ఆ నీడలో పడుకోబెట్టింది. మధ్యాహ్నం ఎవరి చేతిలోంచో నీళ్ళ బిందె జారి రాయి మీద పడింది. ఆ చప్పుడుకు పిల్ల రెండు చేతులూ ఒక్కసారి బార్లా చాపి, మళ్ళీ గుండెలకు దగ్గరగా ముడుచుకుని ఏడుపు అందుకుంది. అందరూ నవ్వారు. నేను మాత్రం చేతిలో కాయలు అలాగే పట్టుకుని ఉయ్యాల వైపే చూస్తూ ఉండిపోయాను, మళ్ళీ చాపుతుందేమోనని. చాపలేదు. తల్లి ఎత్తుకుని పాలిచ్చింది, పిల్ల సర్దుకుంది. అప్పుడుగానీ నా ప్రాణం కుదుటపడలేదు. కాయల ఘాటు గొంతు పట్టేసింది. ఆ ఘాటులోనే రజియా గారు గుర్తొచ్చారు. ఆవిడను మొదటిసారి కలిసిన రోజు కూడా నా ఒంటినిండా మిరపకాయల వాసనే.

రజియా గారు దర్శిలో ఫిజియోథెరపీ డాక్టరు. ఎరువుల కొట్టు పక్కన రోడ్డు మట్టానికే ఉన్న రెండు గదులు ఆవిడ క్లినిక్. మేడమీద గది అద్దెకు తక్కువలో వస్తుందని ఎవరో చెబితే, బిడ్డను చంకనేసుకుని వచ్చేవాళ్ళు మెట్లెక్కాలా అని కసిరారట. పొట్టి మనిషి. చున్నీ ఒంటికి అడ్డంగా వేసి నడుం దగ్గర గట్టిగా ముడేసుకునేవారు. నవ్వడం అరుదు, తిట్టడం ఎక్కువ. నడుంనొప్పికి వెళ్ళొచ్చిన మా ఊరివాళ్ళు, నొప్పి తగ్గిస్తుందిగానీ పరువు తీస్తుందని చెప్పుకునేవారు. అందుకే అక్కడికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది.

వెళ్ళక తప్పని పరిస్థితి మా బాబు అఖిల్‌ది. కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవలేదు. ఆరో నెల వచ్చినా మెడ నిలవలేదు. మా వంశంలో మగపిల్లలకు అన్నీ నిదానమేనని అత్తయ్య ధైర్యం చెప్పేది, రోజూ నూనె పెట్టి కాళ్ళూ చేతులూ తోమేది. దానికితోడు వాడు నిద్రలేవగానే ఉలికిపడేవాడు. తల ముందుకు వాలి, చేతులు రెండూ బార్లా విచ్చుకునేవి. కాసేపటికి మళ్ళీ. ఆ తర్వాత మళ్ళీ. చివరికి ఏడ్చేవాడు. దడుసుకున్నాడని అత్తయ్య తాయెత్తు కట్టించింది. నేనూ నమ్మాను. నాకు దిగులంతా మెడ గురించే. అందుకని అత్తయ్యను వెంటబెట్టుకుని ఒకరోజు పొద్దున్నే దర్శి బస్సెక్కాను.

మేం వెళ్ళేసరికి బాబు నిద్రపోతున్నాడు. లేపబోతే రజియా గారు వద్దన్నారు. వాణ్ణి చాపమీద పడుకోబెట్టించి, తను పక్కనే కింద కూర్చున్నారు. కాన్పు ఎలా జరిగింది, పాలు ఎలా తాగుతాడు, ఏ వైపు తిరిగి పడుకుంటాడు అని అడిగారు. నేను చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్ళు వాడి మీదే ఉన్నాయి. వాడు లేచాడు. లేస్తూనే చేతులు విచ్చుకున్నాయి. మా అత్తయ్య తాయెత్తు సర్దుతూ, ఫాను చప్పుడుకు దడుసుకున్నాడంది. రజియా గారు లేచి ఫాను ఆపారు. రోడ్డువైపు తలుపు వేశారు. బయట కూర్చున్నవాళ్ళను మాట్లాడొద్దన్నారు. గదిలో ఎవరూ కదల్లేదు. అయినా వాడి చేతులు మళ్ళీ విచ్చుకున్నాయి, తల వాలింది. కొద్దిసేపటికి మళ్ళీ. ఎవరో లోపలినుంచి తాడు పట్టి లాగుతున్నట్టు.

ఆవిడ నావైపు తిరిగారు. గొంతులో తిట్టూ లేదు, కసురూ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"వీడు ఇంతకుముందు నిన్ను చూసి నవ్వేవాడా అమ్మా?"

నవ్వేవాడన్నాను.

"ఇప్పుడు?"

నవ్వడం ఎప్పుడు మానేశాడో నాకు గుర్తులేదు. అసలు మానేశాడన్న సంగతే ఆ క్షణంలో తెలిసింది.

చప్పుడుకు ఉలికిపడటం పసిపిల్లలందరికీ పుట్టుకతో వచ్చేదేననీ, మెదడు ఎదిగేకొద్దీ అది పోతుందనీ, ఇది అది కాదనీ రజియా గారు నిదానంగా చెప్పారు. ఇవి ఫిట్స్ అయి ఉండాలి. ఆగకపోతే, నేర్చుకున్నవి కూడా ఒక్కొక్కటీ మరిచిపోతాడు. ఇవి ఆగేదాకా తను వాడికి ఒక్క వ్యాయామం కూడా చేయించనన్నారు. ఆ రోజే గుంటూరులో పిల్లల నరాల డాక్టరుకు చూపించాలన్నారు.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. పంటంతా కల్లంలో ఆరబోసి ఉంది. కూలీలు దొరక్క ఆయన ఒక్కడే కాయలమీద టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నాడు. వాన వెలిశాక ఎల్లుండి వెళదామన్నాడు. ఫోన్ ఇమ్మని రజియా గారు చెయ్యి చాపారు. మొదట పేరు చెప్పుకుని, బాబుకు ఏమైందో ఓపిగ్గానే చెప్పారు. అవతల ఆయన కాయల సంగతే మళ్ళీ చెప్పినట్టున్నాడు.

"కాయలు తడిస్తే ఒక ఏడాది పోతుంది బాబూ. ఇది ఆలస్యమైతే వాడి ఏళ్ళన్నీ పోతాయి," అన్నారావిడ. "నువ్వు కాయలు చూసుకో. వీళ్ళను నేను తీసుకెళతా."

మగవాడు లేకుండా అంతదూరం ఎలాగని మా అత్తయ్య గుమ్మంలో నిలబడిపోయింది. రజియా గారు ఆవిడతో వాదన పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళను పంపేసి, క్లినిక్‌కు తాళం వేసి, బాబును తనే భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచారు. బిడ్డ వెళుతుంటే అత్తయ్య మాత్రం ఏం చేస్తుంది, వెనకే వచ్చింది.

బస్సు అద్దంకి దాటాక బాబు నిద్రలేచాడు. మళ్ళీ మొదలైంది. నా ఒళ్ళో, నా కళ్ళముందు. నేను వాణ్ణి గట్టిగా గుండెకు అదుముకోబోయాను. రజియా గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. బాబును తన ఒళ్ళోకి తీసుకుని, ఫోన్‌లో వీడియో తియ్యమన్నారు. ఏ తల్లి తీస్తుంది? నావల్ల కాదన్నాను.

"డాక్టరు చూసేటప్పుడు ఇవి రాకపోవచ్చు. నీ నోటితో చెబితే చాలదు సుజాతా. ఏడవడం తర్వాత, ముందు తియ్యి."

తీశాను. చేతులు వణికి సగం బస్సు కిటికీయే వచ్చింది. మళ్ళీ తీయించారు. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చీదరగా చూశారు. రెండోసారి నా చెయ్యి వణకలేదు. చిలకలూరిపేట దగ్గర వాన అందుకుంది. అత్తయ్య అద్దంమీద కారుతున్న నీళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆవిడ కల్లాన్ని తలుచుకుంటోందని నాకు తెలుసు.

గుంటూరులో డాక్టరుగారు ఇంటికి బయల్దేరబోతున్నారు. రజియా గారు ఎదురెళ్ళి మాట్లాడారు. ఆయన బ్యాగు కింద పెట్టి వీడియో రెండుసార్లు చూశారు, వెంటనే చేర్చుకోమన్నారు. మర్నాడు తలకు తీగలు అంటించి పరీక్ష చేసి, ఫిట్సేనని చెప్పి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రజియా గారు మమ్మల్ని చేర్పించిన రాత్రే వెళ్ళిపోయారు. మా ఆయన తెల్లవారి వచ్చాడు. కాయలు సగం తడిశాయట. ఆ మాట ఆయన చెప్పలేదు, అత్తయ్య అడిగితే తల ఊపాడు. మందులకు బాబు ముఖం ఉబ్బింది, పగలూ రాత్రీ ఒకటే ఏడుపు. వాడు నిద్రపోతే మాకు భయం, లేవబోతున్నాడంటే ఇంకా భయం. మంచం చుట్టూ ముగ్గురం నిలబడి ఆ చేతుల వంకే చూసేవాళ్ళం. ఫిట్స్ తగ్గుతూ వచ్చాయి. ఒక పొద్దున వాడు కళ్ళు తెరిచాడు, చేతులు కదల్లేదు. చాలాసేపు చూశాం. కదల్లేదు. మా ఆయన వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరుగారు సరేనన్నాక మళ్ళీ దర్శి వెళ్ళాం. అసలు పని అప్పుడు మొదలైంది. అఖిల్ ఏ వైపు తల తిప్పితే ఆ వైపు చెయ్యి బారుగా చాచుకునేది, రెండోది ముడుచుకునేది, విల్లు ఎక్కుపెట్టినట్టు. పుట్టిన కొత్తలో అందరు పిల్లలకూ అంతేనట, వీడికి పోవాల్సిన వేళకు పోలేదు. దానివల్ల ఏం నష్టమో రజియా గారు మాటల్లో చెప్పకుండా చూపించారు. వాడి పిడికిలికి కాస్త బెల్లంపాకం రాశారు. వాడు దానివైపు ముఖం తిప్పాడు. తిప్పగానే చెయ్యి చాచుకుని దూరంగా పోయింది. నాలుక చాపాడు, మెడ సాగదీశాడు. ఎంత ఆశపడితే చెయ్యి అంత బిగుసుకుంది. చూడలేక మా అత్తయ్య ముఖం తిప్పుకుంది.

"చెయ్యి వాడిదే. కానీ ఇంకా వాడి మాట వినట్లేదు," అన్నారు రజియా గారు.

వాణ్ణి పక్కకు తిప్పి, వెనక మడతపెట్టిన దుప్పటి ఆసరా పెట్టి, తల కొంచెం ముందుకు వంచి పడుకోబెట్టారు. రెండు చేతులూ ముఖం ముందుకు వచ్చాయి. ఇక తను తాకలేదు. నేను ఆ పిడికిలిని నోటికి అందించబోతే గట్టిగా కసిరారు. అందరం చూస్తూ కూర్చున్నాం. వాడు గిజగిజలాడాడు, విసుక్కున్నాడు, చివరికి పిడికిలి పెదాలకు తగిలింది. ఆ చీకడం, ఆ చప్పుడు! మా అత్తయ్య చాపమీదే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

ఇలాంటి రోజులు తక్కువ. నెలల తరబడి ఏ మార్పూ లేక విసిగిపోయిన రోజులే ఎక్కువ. ఒకసారి నేను తెగించి, వీడు నడుస్తాడా నడవడా ఏదో ఒకటి చెప్పమని గొడవపడ్డాను. చెప్పలేనన్నారు. అబద్ధమైనా చెప్పొచ్చుగా అని అరిచాను. ఆవిడకూ కోపం వచ్చింది.

"చెబితే నువ్వు ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటావు. ఇవాళ వీడు ఏం చేశాడో నీకు కనపడదు."

ఆ కోపంతో రెండు వారాలు క్లినిక్ మానేశాను. ఆవిడ ఫోన్ చేసి బతిమాలలేదు. నేనే మళ్ళీ వెళ్ళాను. ఏమీ జరగనట్టు చాప పరిచారు.

అఖిల్ ఇప్పుడు పెద్దవాడయ్యాడు. వాకర్ పట్టుకుని ఇంట్లో, బడి వరండాలో నడుస్తాడు. ఎత్తుపల్లాల్లో నడవలేడు. మాట నిదానం, చదువు ఇంకా నిదానం. అన్నీ వచ్చాయని చెప్పను. రానివి చాలా ఉన్నాయి. కానీ ఆ రోజు ఎల్లుండి వెళదాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కిందటేడు రజియా గారికి జబ్బు చేసిందని, క్లినిక్ మూసి నరసరావుపేటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారని తెలిసి వాణ్ణి తీసుకుని వెళ్ళాను. మంచంమీద దిండుకు ఆనుకుని ఉన్నారు. సగమైపోయారు. చున్నీ ముడి మాత్రం అలాగే ఉంది. వాణ్ణి చూడగానే మొదట చెప్పుల్ని చూశారు, మడమ దగ్గర వదులుగా ఉన్నాయని నన్ను తిట్టారు. తర్వాత వాణ్ణి గుమ్మందాకా నడిచి చూపించమన్నారు.

అఖిల్ ఆవిడ వంక, గుమ్మం వంక చూశాడు. ప్రయాణానికి అలిసిపోయి ఉన్నాడు. పక్కనున్న కుర్చీలో కూలబడి, మాటలు కూడదీసుకుని, "నడవను. నాకు... ఇష్టం లేదు," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కోసం ఒక్కసారి నడవరా నాన్నా అని బతిమాలబోయాను. రజియా గారు చెయ్యెత్తి నన్ను వారించారు. ఆవిడ నవ్వుతున్నారు. అన్నేళ్ళలో అంత నిండుగా నవ్వడం నేను చూడలేదు.

"ఊరుకో సుజాతా. వాడి ఒంటికి వాడే యజమాని అయ్యాడు. ఇంతకంటే ఏం కావాలి మనకు?"

ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు.

రోజూ అన్నం దగ్గర అఖిల్ ముద్ద కలపడానికి చాలాసేపు పడుతుంది. సగం మెతుకులు కంచం బయట పడతాయి. ముద్ద నోటిదాకా వెళ్ళి, కాస్త ఆగి, ఒక్కోసారి జారిపోతుంది. బడి వేళ మించిపోతుంటుంది, ఆటో అతను బయట హారను కొడుతుంటాడు. నా చెయ్యి దానంతటదే కంచం వైపు లేస్తుంది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటాను. వాడు మళ్ళీ ముద్ద కలుపుకుంటాడు.