గ్రహణం పూట నేను రాజునయ్యాను

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ వంటింట్లో ఈ సాయంత్రం ఆవకాయ జాడీ మూత తియ్యగానే కారం, ఆవపిండి, వాటి మీద అమ్మ వేసిన దర్భల పచ్చిగడ్డి వాసన కలిసి గుప్పుమన్నాయి. ఇవాళ సూర్యగ్రహణం మరి. ఆ వాసన తగిలితే చాలు, నేను అప్పట్లో మేమున్న బెడోక్‌లో ఏడేళ్లవాణ్ణయిపోతాను.

మా బ్లాక్ కింద ఇసుక గుంటలో పిల్లలందరి మీదా పెత్తనం పై అంతస్తు స్వాతక్కది. పన్నెండేళ్లది, లైబ్రరీ నుంచి సుమేరియన్లు, బాబిలోనియన్ల పుస్తకం తెచ్చింది మొదలు మమ్మల్ని బతకనివ్వలేదు. తడి మట్టి పలకల మీద పుల్లతో గుచ్చి లోకానికి రాత నేర్పిన మహానుభావులట, ఆకాశాన్ని లెక్కగట్టి గ్రహణాలను ముందే పసిగట్టారట. అదంతా రెండు ముక్కల్లో తేల్చేసి, రాణి చస్తే దాసీలకు విషమిచ్చి పక్కనే పూడ్చడం, ఓడిన ఊరి గోడలు కూల్చి బందీలను తాళ్లకు కట్టి ఈడ్చుకుపోవడం మాత్రం కళ్లింత చేసుకుని చెప్పేది. మేం ఇసుకతో మెట్ల గుళ్లు కట్టి, వాటిని కాళ్లతో కూలదన్ని, ఒకళ్లనొకళ్లం జుట్టు పట్టి ఈడ్చుకునేవాళ్లం. మోకాళ్లు చెక్కుకుపోని రోజు లేదు.

ఆ ఏడు సూర్యగ్రహణం నాటికి అమ్మ నిండు గర్భిణి. నీడ పడితే లోపలి బిడ్డకు పెదవి చీలుతుందని ఆవిడ గట్టి నమ్మకం. కర్టెన్లు లాగేసి, కత్తి ముట్టకుండా, కదలకుండా పడుకుంది. నేను చప్పుడు చెయ్యకుండా కిందికి జారుకున్నాను.

స్వాతక్క నా నెత్తిన బంగారు కాగితం కిరీటం పెట్టింది. నా సంబరం ఏం చెప్పను! జారుడుబల్ల పైన కూర్చోబెట్టి, చేతినిండా మురుకులిచ్చి, అందరిచేతా దణ్ణాలు పెట్టించింది. వెలుతురు మసకబారాక అసలు సంగతి బయటపెట్టింది.

"గ్రహణమొస్తే రాజుకి కీడురా చిన్నా. అందుకే ఇంకోణ్ణి రాజుని చేసి, వాణ్ణి చంపేసేవాళ్లు. ఆ ఇంకోడివి నువ్వే లా!" అంది, సింగపూర్ యాసలో చివర 'లా' తగిలించి.

అంతే, చెప్పులతో, బ్యాడ్మింటన్ బ్యాట్లతో మీద పడ్డారు. మొదట అది ఆటే. నా ముక్కు పగిలి రక్తం కనబడ్డాక ఎవరికీ ఒళ్లు తెలియలేదు. పైనుంచి తోసేశారు. మోచెయ్యి పుటుక్కుమంది. నోట్లో ఇసుక, వీపు మీద ఎవరిదో మోకాలు. చచ్చిపోతున్నాననే అనుకుని "అమ్మా" అని కేక పెట్టాను.

మాది రెండో అంతస్తు. పొట్ట పట్టుకుని, వట్టి కాళ్లతో, ఆ గ్రహణపు ఎండలోకి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "పిల్లాణ్ణి చంపేస్తార్రా, వెధవల్లారా!" అని ఒకణ్ణి చొక్కా పట్టి విసిరేసి, స్వాతక్క చెంప ఛెళ్లుమనిపించింది.

ఆసుపత్రికి టాక్సీలో వెళ్తుంటే అడిగాను. "నువ్వు బయటికొచ్చేశావు కదమ్మా. మరి లోపలి పాపకి?"

"నోర్మూసుకుని చెయ్యి కదపకుండా కూర్చో," అంది. ఏడుస్తూనే ఉంది.

చెల్లెలు పుట్టినప్పుడు అమ్మ ఆడో మగో అడక్కుండా ముందు పెదవులు చూపించమందట. చక్కగా ఉన్నాయి.

ఆ ఇసుక గుంట ఇప్పుడు లేదు, రబ్బరు నేల వేసేశారు. స్వాతక్క వాళ్లు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయారు. గ్రహణమంటే భయమూ నాకూ చెల్లెలికీ మిగల్లేదు. ఇందాక చెల్లెలు, ఏడో నెల కడుపుతో, గ్రహణం చూసే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కారిడార్‌లోకి వెళ్లి సూర్యుణ్ణి చూస్తూ నిలబడింది.

"నథింగ్ విల్ హ్యాపెన్ లా, అమ్మా," అంది.

అమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లిగా లేచి వెళ్లి, పడమటెండకు అడ్డంగా, చెల్లెలి పొట్టకు వీపు ఆనించి నిలబడింది. గ్రహణం విడిచేదాకా కదల్లేదు.