తూము గోడలో బిస్కెట్ల డబ్బా

మా ఊరి పోస్టు మాస్టారు పోయారు. పోయిన శుక్రవారం వాళ్లబ్బాయి రాసిన కార్డు వచ్చింది. ఏలూరులో మా ఇంటి గుమ్మంలో నిలబడి చదువుతుంటే లోపలినుంచి మా అత్తగారు కేకేశారు.

“ఎవరిదమ్మా ఉత్తరం? అలాంటిదైతే చదివేసి అక్కడే చింపి పారెయ్యి. లోపలికి తేకు.”

చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లో ఉండకూడదని మా వైపు పట్టింపు. “ఎవరిదో అండీ, మనకి కాదు,” అని అబద్ధమాడి, కార్డును వసారా చూరులో దోపాను. లోపల మా అమ్మ అన్నం తింటోంది. నన్ను చూడ్డానికని వచ్చి పది రోజులైంది. ఆ విస్తరి ముందు మాస్టారి పేరెత్తే ధైర్యం నాకు లేకపోయింది.

మాస్టారు మా ఊళ్లో చిన్నబడి పంతులు కూడా. నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే. పోస్టాఫీసంటే వేరే ఏమీ లేదు, వాళ్లింటి వసారాయే. పొద్దున్నే స్టేషనుకి వెళ్లి సంచీ తెచ్చుకునేవారు. రైలుకట్ట పక్కన గ్యాంగువాళ్లు నడవడానికి రాళ్లు పరిచిన కాలిబాట ఒకటి ఉండేది. ఆయన రాకపోకలన్నీ దాని మీదే. పెన్సిలు చెవిమీద, చెప్పులు చేతిలో. చెప్పులు అరిగిపోతాయని కాదు, రాళ్లు అరికాళ్లకి మంచివని ఆయన వాదన.

ఊళ్లో చదువొచ్చిన వాళ్లు తక్కువ. కార్డు ఇవ్వడమే కాదు, చదివి చెప్పడం కూడా ఆయన పనే. పసుపు పూసిన శుభలేఖైతే వీధి మొదట్లోంచే కేకేసేవారు. చావు కబురైతే మాత్రం ఇంటివాళ్లు భోంచేసే దాకా బయటపెట్టేవారు కాదు. “ముద్ద దిగాక చెప్పాలి. తర్వాత మూడు రోజులు ఎలాగూ దిగదు,” అనేవారు. ఊరంతా ఆయన్ని దేవుడనేది. అప్పటిదాకా ఆ కార్డుల్ని ఎక్కడ పెడతారో మాత్రం ఎవరూ అడగలేదు.

నాకది పన్నెండేళ్లప్పుడు తెలిసింది. కార్తీక సోమవారం. అమ్మ ఉపవాసం. సాయంత్రం చుక్క చూశాక గాని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. పూజకి కలువపూలు తెమ్మంటే తొమ్మిదింటప్పుడు రైలుకట్ట కిందికి దిగాను. తూము పక్క నీళ్లలో పూలు కోస్తుంటే గోడలో ఒక ఇటుక కాస్త బయటికి వచ్చి కనిపించింది. లాగాను. వెనకాల గూడులాగా ఉంది. అందులో మూత బిగించిన బిస్కెట్ల డబ్బా. బిస్కెట్లుంటాయనే ఆశతోనే తీశాను, దాచడమెందుకు.

ఒక్క కార్డు ఉంది. దాని మీద మా నాన్న పేరు. రాసింది మండవల్లి నుంచి మా మావయ్య. “నాన్నకు జబ్బుగా ఉన్నది. అక్కను వెంటనే బయలుదేరదీసి పంపవలెను.”

“ఎవరు తియ్యమన్నారమ్మా అది?”

అవతలి వైపు కాళ్లు కడుక్కుంటున్న మాస్టారు తూము చుట్టూ తిరిగి వచ్చారు. కోప్పడలేదు. అలాంటి కార్డులు వసారాలోకి తెస్తే ఇంట్లో వాళ్లావిడ ఒప్పుకోదనీ, అందుకే ఇక్కడ పెడతాననీ చెప్పారు.

“తాతయ్యకి జబ్బంటండి,” అన్నాను.

“జబ్బు, వెంటనే బయలుదేరండి అని రాశారంటే అయిపోయినట్టేనమ్మా. పోయారని ముక్కుసూటిగా ఎవరు రాస్తారు? ఉపవాసంతో ఉన్న ఆడమనిషికి ఇప్పుడెలా చెప్పమంటావు? చుక్క చూసి నాలుగు మెతుకులు తిన్నాక నేనే వచ్చి చెబుతాను. నువ్వు నోరు విప్పకేం.”

“అలాగేనండి,” అన్నాను.

పదకొండింటికి ఏలూరు వెళ్లే ప్యాసింజరు కూత వేసినప్పుడు నేను అమ్మ పక్కన కూర్చుని కలువల కాడలు తుంచుతున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆ సాయంత్రం అమ్మ పాలతాలికలు చేస్తానంది. చెబితే చెయ్యదు. పన్నెండేళ్ల పిల్లని కదా అని మీరు నన్ను వెనకేసుకు రావొద్దు. తాతయ్య పోయాడనుకుంటూనే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

తాతయ్య అప్పటికింకా పోలేదు. మాస్టారు వచ్చి చెప్పాక, మర్నాడు అదే బండికి అమ్మ బయలుదేరింది. ఏలూరులో దిగి, కొల్లేరు మీద పడవెక్కి వెళ్లేసరికి పొద్దు వాలింది. ఆయన ప్రాణం మధ్యాహ్నమే పోయిందట. “రేవులోకి పడవ వచ్చినప్పుడల్లా అమ్మాయేనా అని అడిగాడక్కా,” అన్నాడట మావయ్య. కార్డులో జబ్బని రాసింది నిజంగా జబ్బు కాబట్టే. మా వాళ్లలో ఉన్నది ఉన్నట్టు రాసిన ఒకే ఒక్క మనిషి మా మావయ్య.

అమ్మ తిరిగొచ్చాక మాస్టారు మా అరుగు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“మా నాన్న చావుని మీరు ఒకరోజు ముందే రాసేశారు కదండీ మాస్టారూ,” అంది అమ్మ.

ఆయన ఒక్కసారి నావైపు చూశారు. “పాపకి కూడా తెలుసమ్మా” అంటే సగం బరువు దిగేది. అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయారు.

తర్వాత తూములో డబ్బా లేదు. ఏ కార్డు వచ్చినా ఆ క్షణానే చేతిలో పెట్టేసేవారు. “నేను మోసేవాణ్ణి, ఆలోచించేవాణ్ణి కాదు,” అనేవారు. ఒకాయన అన్నం కలుపుతుండగా ఆయన కొడుకు పోయిన కార్డు చదివి వినిపించారు. పాపిష్టివాడని తిట్టింది ఊరు. దేవుడన్న నోళ్లే అవి.

అమ్మ తిట్టలేదు. అంతకంటే ఘోరం చేసింది. రోహిణి ఎండల్లో ఆయన మా అరుగు మీద చతికిలబడి, పక్కింటివాళ్లని మంచినీళ్లడిగేవారు. మా ఇంట్లో అడిగితే రావని ఆయనకి తెలుసు. ఒకసారి నేను చెంబుతో గుమ్మందాకా వెళ్లాను. “లోపల పెట్టు,” అంది అమ్మ. పెట్టేశాను. ఎనిమిదేళ్లు అలా జరిగింది. ఆ ఎనిమిదేళ్లలో నా పెళ్లయింది, ఏలూరు వచ్చాను. ఆయన ఒక్కనాడు కూడా, ఎవరి దగ్గరా, నా పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయనది మంచితనం. నాది పిరికితనం.

శుక్రవారం అమ్మ చెయ్యి కడుక్కున్నాక అంతా చెప్పేశాను. మాస్టారు పోయారన్న కార్డు సంగతి, డబ్బా సంగతి, పాలతాలికల సంగతి.

“ఎన్నింటికి దొరికిందే?” అంది.

“తొమ్మిదింటికమ్మా.”

“బండి పదకొండింటికి,” అంది. అంతే.

సాయంత్రం మంచినీళ్లిస్తే అందుకోలేదు. లేచి వెళ్లి కుండలోంచి తనే ముంచుకుంది. మర్నాడూ అంతే. మాస్టారు ఎనిమిదేళ్లు మోశారు. నాకు ఇవాళ్టికి నాలుగో రోజు. నేను పెట్టిన గ్లాసు, మీద మూతతో, అమ్మ పక్కన నిండుగా అలాగే ఉంది.